ప్రైవేటు ఫొటోలు, వీడియోలు బయటపెడితే ఏ సెక్షన్, ఎంత శిక్ష: ఆధారాల నుంచి కోర్టు దాకా

ఫొటో తీసుకోవడానికి ఒప్పుకున్నంత మాత్రాన దాన్ని ఇంకొకరికి చూపించడానికి ఒప్పుకున్నట్టు కాదు. ఇది ఎవరో చెప్పే నీతి వాక్యం కాదు, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్‌కి రెండో వివరణగా చట్టంలోనే రాసి ఉన్న మాట. "నువ్వే కదా పంపావు" అని స్టేషన్లో గానీ ఇంట్లో గానీ ఎవరైనా అంటే జవాబు అదే. తప్పు పంపినవాళ్లది కాదు, బయటపెట్టినవాళ్లది.

అయితే శిక్ష ఎంత పడుతుందన్నది మాత్రం ఫొటో ఒక్కదాన్ని బట్టే తేలదు. అందులో ఏం కనిపిస్తోంది, ఎవరు తీశారు, ఎవరికి పంపారు, డబ్బు అడిగారా, బెదిరించారా, అందులో ఉన్నవారి వయసెంత అన్న వివరాలను బట్టి సెక్షన్లు మారతాయి. సెక్షన్ మారితే స్టేషన్ బెయిలు మీద ఇంటికెళ్లాల్సినవాడు రిమాండుకు వెళతాడు. ఆ వివరాలు మొదటి ఫిర్యాదులోనే ఉండాలి. తర్వాత గుర్తుచేసుకుని చెబితే "అప్పుడెందుకు చెప్పలేదు" అని ఎదుటి లాయరు పట్టుకుంటాడు.

మొదట చేయాల్సినవి, చేయకూడనివి

ఫొటో బయటికి వచ్చిందని తెలియగానే చాలామంది చేసే పని చాట్ మొత్తం తుడిచేయడం, ఖాతా మూసేయడం, ఫోన్‌ని రీసెట్ కొట్టడం. భయంతో చేస్తారు, అర్థం చేసుకోదగ్గదే. కానీ దాంతో నేరస్తుడి పని సులువవుతుంది. అవతలి వ్యక్తిని బ్లాక్ చేయాలన్నా ముందు ఆధారాలు తీసుకున్నాకే చేయండి. బ్లాక్ చేశాక ప్రొఫైల్ పేజీ తెరుచుకోకపోవచ్చు, లింకు దొరకకపోవచ్చు.

డబ్బు అడుగుతుంటే ఒక్క రూపాయి కూడా పంపవద్దు. ఒకసారి పంపితే ఫొటో ఆగదు, రేటు పెరుగుతుంది. ఇప్పటికే పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి యూపీఐ లావాదేవీ నంబరు చెప్పండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు ఖాతాలోనే నిలిచిపోయే అవకాశం అంత ఎక్కువ. "ఆ ఖాతాని హ్యాక్ చేసి వీడియో తీసేస్తాం" అని ఇంటర్నెట్‌లో ప్రకటనలిచ్చేవాళ్ల జోలికి పోవద్దు. మీ ఫొటో వాళ్ల చేతికి కూడా వెళుతుంది, హ్యాకింగ్ చేయించిన నేరం మీ మీద పడుతుంది.

ఆధారాలు ఇలా తీయాలి

ఉత్త స్క్రీన్‌షాట్ చాలదు. ఫొటో వరకే కత్తిరించిన స్క్రీన్‌షాట్‌లో అది ఎక్కడిదో, ఎప్పటిదో ఉండదు. మంచి పద్ధతి స్క్రీన్ రికార్డింగ్. రికార్డింగ్ మొదలుపెట్టి, ముందు ఫోన్‌లో తేదీ, సమయం చూపించి, తర్వాత ఆ ప్రొఫైల్ తెరిచి, యూజర్‌నేమ్ కనబడేలా ఒక్క క్షణం ఆగి, అక్కడినుంచి పోస్టు దగ్గరికి, కింద ఉన్న వ్యాఖ్యల దగ్గరికి ఆపకుండా వెళ్లండి. మధ్యలో ఆపి అతికించిన వీడియో మీద అనుమానాలు వస్తాయి.

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, టెలిగ్రామ్‌లలో పోస్టుకు "కాపీ లింక్" ఉంటుంది. ఆ లింకు, ప్రొఫైల్ లింకు రెండూ ఒక నోట్‌లో పెట్టుకోండి. ప్రొఫైల్ మీద కనిపించే పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, అందుకే పేరొక్కటి రాసుకుంటే సరిపోదు. వాట్సాప్ అయితే పంపిన నంబరు దేశం కోడ్‌తో సహా కావాలి. గ్రూపులో వస్తే గ్రూప్ ఇన్ఫో పేజీ తెరిచి గ్రూపు పేరు, అడ్మిన్లు, సభ్యుల నంబర్లు కనిపించేలా తీయాలి. ఎక్స్‌పోర్ట్ చాట్ కొట్టి ఫైలు మీ మెయిల్‌కే పంపుకోండి. డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉంటే ఆ పనికి ఆలస్యం పనికిరాదు. ఒక్కసారే చూడగలిగేలా పంపిన ఫొటో స్క్రీన్‌షాట్‌కి లొంగదు. దాన్ని ఇంకా తెరవకపోతే, రెండో ఫోన్‌ని చేతికందేలా పెట్టుకుని, తెరిచేటప్పుడు ఆ తెరను రెండో ఫోన్‌తో వీడియో తీయాలి.

బెదిరింపు కాల్స్ వస్తుంటే తేదీ, సమయం, నంబరు, అన్న మాటలు అన్నవి అన్నట్టే వరుసగా రాసుకోండి. "నీ పెళ్లివాళ్లకి పంపుతా" అన్నాడా, "పదివేలు కొట్టు" అన్నాడా, "మళ్లీ కలవకపోతే పెట్టేస్తా" అన్నాడా అన్నదాన్ని బట్టి సెక్షన్లు వేర్వేరుగా ఉంటాయి.

ఇవన్నీ ఉన్న అసలు ఫోన్‌ని అమ్మవద్దు, మార్చవద్దు. సాక్ష్యాల కొత్త చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63(4) ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారంతో పాటు ఒక సర్టిఫికెట్ జతచేయాలి. అందులో మొదటి భాగం ఆ ఫోన్ గలవారు సంతకం చేసేది, రెండో భాగం నిపుణుడు సంతకం చేసేది. ఫైలు హాష్ విలువ, అంటే దాని డిజిటల్ వేలిముద్ర లాంటి సంఖ్య, కూడా అందులో రాయాలి. ఫైలుని వాట్సాప్‌లో ఇంకొకరికి పంపితే కంప్రెస్ అయి హాష్ మారిపోతుంది. అందుకని రికార్డింగ్‌ని పెన్‌డ్రైవ్‌లోకో, మెమరీ కార్డులోకో నేరుగా కాపీ చేయడం మేలు.

ఒక హెచ్చరిక. ఫొటోలో ఉన్నది పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే దాన్ని కాపీ చేయొద్దు, ఎవరికీ పంపొద్దు, సాక్ష్యంగా కూడా వద్దు. లింకు, ఖాతా పేరు, సమయం రాసుకుని నేరుగా పోలీసులకు చెప్పండి.

ముందు దాన్ని దించేయించాలి

కేసు నడవడానికి నెలలు పడుతుంది. ఫొటో పాకడానికి గంటలు చాలు. అందుకే తొలగింపు పని, కేసు పని పక్కపక్కనే సాగాలి.

2021 ఐటీ నిబంధనల్లో 3(2)(బి) అనే నిబంధన ఉంది. మర్మభాగాలు కనిపించేవి, పూర్తిగా గానీ పాక్షికంగా గానీ నగ్నంగా ఉన్నవి, లైంగిక చర్య చూపేవి, మార్ఫింగ్ చేసినవి ఏవైనా, బాధితులు గానీ వారి తరఫున వేరొకరు గానీ ఫిర్యాదు ఇస్తే సంస్థ తీసేయాలి. నిబంధనలు వచ్చినప్పుడు ఇచ్చిన గడువు 24 గంటలు. 2026 ఫిబ్రవరి సవరణతో అది రెండు గంటలకు తగ్గింది. దీనికి కోర్టు ఆర్డరు అక్కర్లేదు, ఎఫ్‌ఐఆర్ కూడా అక్కర్లేదు. వేదికలో ఉండే "రిపోర్ట్" బటన్ నొక్కి ఊరుకోవద్దు. ఆ సంస్థలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ వివరాలు వారి వెబ్‌సైట్‌లో ఉండాలన్నది నియమం. ఆ చిరునామాకి మెయిల్ పెట్టి, లింకులు ఒక్కొక్కటిగా రాసి, "3(2)(బి) కింద తొలగించండి" అని సూటిగా రాయండి. ఫొటోను మాత్రం జతచేయవద్దు, లింకు చాలు. తీసేసిన సమాచారాన్ని దర్యాప్తు కోసం 180 రోజులు భద్రపరచాలన్న నియమం కూడా అదే నిబంధనల్లో ఉంది. కాబట్టి "దించేస్తే ఆధారం పోతుందేమో" అని ఆగక్కర్లేదు. అయితే ఆ 180 రోజులు గడిచేలోపు పోలీసులు సంస్థకి నోటీసు పంపేలా వెంటపడాలి. చాలా కేసులు నీరుగారిపోయేది ఇక్కడే.

సంస్థ పట్టించుకోకపోతే 30 రోజుల్లోపు కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీలు చేసుకోవచ్చు.

పద్దెనిమిదేళ్లు నిండినవారికి స్టాప్ఎన్‌సీఐఐ డాట్ ఆర్గ్ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మీ ఫోన్ దాటదు, దాని డిజిటల్ వేలిముద్ర లాంటి హాష్ మాత్రమే వెళుతుంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి చేరిన వేదికలు ఆ హాష్‌తో సరిపోలినవాటిని అడ్డుకుంటాయి. చేరని వేదికల మీద, ఎన్‌క్రిప్ట్ అయిన వాట్సాప్ చాట్‌ల మీద ఇది పనిచేయదు. ఎవరైనా ఫొటోను కత్తిరించి, రాతలు రాసి మళ్లీ పెడితే ఆ కొత్త రూపానికి మళ్లీ హాష్ చేయాలి. పద్దెనిమిది లోపువారికి ఇలాంటిదే టేక్ ఇట్ డౌన్ అనే సేవ ఉంది. గూగుల్ సెర్చ్‌లో కనిపించకుండా చేయడానికి గూగుల్‌కి వేరే ఫారం నింపాలి. అది సెర్చ్‌లోంచి తీసేస్తుంది గానీ అసలు సైట్‌లోంచి తీయదు.

ఏ సెక్షన్ ఎప్పుడు, ఎంత శిక్ష

2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. అంతకుముందువైతే పాత ఐపీసీ సెక్షన్లే. ఐటీ చట్టం రెండింటిలోనూ ఉంటుంది.

ఐటీ చట్టం 66ఈ. అనుమతి లేకుండా ఒకరి మర్మభాగాల ఫొటో తీసినా, ప్రచురించినా, పంపినా మూడేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఆడా మగా తేడా లేదు. లోదుస్తుల్లో ఉన్నా వర్తిస్తుంది. దీని బలహీనత ఏమిటంటే, చట్టం చెప్పిన శరీర భాగాలు కనిపించాలి. పడకగదిలో భుజాల దాకా మాత్రమే కనిపించే ఫొటో ఉంటే ఒక్క 66ఈ మీద ఆధారపడితే కేసు జారిపోతుంది.

ఐటీ చట్టం 67. అశ్లీలమైనదాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురించినా పంపినా మొదటిసారి మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. మళ్లీ శిక్ష పడితే ఐదేళ్లు, పది లక్షలు.

ఐటీ చట్టం 67ఏ. లైంగిక చర్య స్పష్టంగా ఉన్న వీడియో, ఫొటో అయితే మొదటిసారే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. రెండోసారి ఏడేళ్లు. 66ఈ, 67 కింద మొదటిసారి నేరానికి గరిష్ఠంగా మూడేళ్లే కాబట్టి అదే చట్టం 77బీ ప్రకారం అవి బెయిలబుల్. 67ఏ నాన్ బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగా రాదు, కోర్టు ఇవ్వాలి. ఫిర్యాదులో "అసభ్య వీడియో" అని సిగ్గుపడి మొక్కుబడిగా రాస్తే 67తో ఆగిపోతుంది. "లైంగిక చర్య ఉన్న వీడియో" అని ఒక్క వాక్యం రాస్తే 67ఏ వస్తుంది. ఆ మాట రాయడం కష్టమే, కానీ రాయాలి.

న్యాయ సంహిత 77. స్త్రీ ఏకాంతంలో ఉన్నప్పుడు చూసినా, ఫొటో తీసినా, దాన్ని వ్యాప్తి చేసినా మొదటిసారి ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, జరిమానా. రెండోసారి మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు, అది నాన్ బెయిలబుల్. కనీస శిక్ష ఉండటం దీని బలం, జడ్జి జరిమానాతో వదిలేయడానికి వీల్లేదు. బహిరంగంగా చేయని లైంగిక చర్యా, స్నానాల గదీ కూడా దీని పరిధిలోకి వస్తాయి. హాస్టల్లో, బట్టల షాపు ట్రయల్ రూమ్‌లో కెమెరా పెట్టిన కేసుల్లో ముందుగా చూడాల్సింది ఇదే.

బెదిరిస్తే సెక్షన్లు మారతాయి. ఫొటో చూపించి డబ్బు గుంజితే న్యాయ సంహిత 308(2), ఏడేళ్ల వరకు, నాన్ బెయిలబుల్. డబ్బు చేతికి రాకపోయినా గుంజడానికి భయపెడితే 308(3), రెండేళ్ల వరకు. "నీ శీలం గురించి అందరికీ చెబుతా" అనే రకం బెదిరింపు 351(3) కిందకు వస్తుంది, ఏడేళ్ల వరకు. పేరు దాచి, దొంగ ఖాతాతో బెదిరిస్తే 351(4) కింద ఇంకో రెండేళ్లు కలుస్తాయి. ఒక్క 351 మాత్రమే రాస్తే అది పోలీసులు నేరుగా కేసు కట్టలేని నేరం. పోలీసులు నేరుగా కేసు కట్టగల (కాగ్నిజబుల్) సెక్షన్ ఒక్కటైనా పక్కన ఉంటే, పోలీసు, కోర్టు విధానాల చట్టమైన నాగరిక సురక్ష సంహిత 174(4) ప్రకారం మొత్తం కేసు కాగ్నిజబుల్ అయిపోతుంది.

వద్దంటున్నా వెంటపడి మెసేజ్‌లు పెడుతుంటే 78, మొదటిసారి మూడేళ్ల వరకు, రెండోసారి ఐదేళ్ల వరకు. స్త్రీ మర్యాదకు భంగం కలిగించే ఉద్దేశంతో చేస్తే 79, మూడేళ్ల వరకు. మీ పేరుతో దొంగ ఖాతా తెరిస్తే ఐటీ చట్టం 66డీ, మీ పాస్‌వర్డ్ దొంగిలిస్తే 66సీ, రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. బాగుచేయడానికిచ్చిన ఫోన్లోంచి షాపువాడు ఫొటోలు లాగి బయటపెడితే 72ఏ కూడా రాయమనండి.

మార్ఫింగ్, ఏఐతో చేసిన ఫొటోల దగ్గర లాయర్లు కూడా తడబడతారు. 66ఈ నిజమైన శరీరానికి వర్తించేది, మార్ఫింగ్‌లో శరీరం మీది కాదు. కాబట్టి 67 లేదా 67ఏతో పాటు పరువు తీయడానికి నకిలీ రికార్డు సృష్టించినందుకు న్యాయ సంహిత 336(4), మూడేళ్ల వరకు, చేర్చాలి. లోన్ యాప్ ఏజెంట్లు అప్పు తీసుకున్నవారి ఫొటోను మార్ఫ్ చేసి కాంటాక్టులందరికీ పంపే కేసులు మన రెండు రాష్ట్రాల్లోనూ వస్తూనే ఉన్నాయి. వాటిలో 308, 351 తప్పకుండా ఉండాలి. అప్పు బాకీ ఉండటం ఏ ఏజెంటుకూ ఈ హక్కు ఇవ్వదు.

రెండు పొరపాట్లు స్టేషన్లలో ఇప్పటికీ జరుగుతుంటాయి. ఒకటి, ఐటీ చట్టం 66ఏ రాయడం. దాన్ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. రెండోది, అశ్లీలతకు న్యాయ సంహిత 294 మాత్రమే రాసి వదిలేయడం. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న అశ్లీలతకు ఐటీ చట్టమే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016 డిసెంబరులోనే, పాత ఐపీసీ 292 ఉన్నప్పుడే చెప్పింది.

ఫార్వర్డ్ చేసినవాడు "నేను తీయలేదు, నాకు వచ్చింది పంపానంతే" అంటాడు. 66ఈ, 67, 67ఏ మూడింటిలోనూ పంపడం కూడా నేరమే. కాలేజీ గ్రూపులో ముందుగా పెట్టినవాడితో పాటు, అక్కడినుంచి బయటికి పంపినవాళ్ల నంబర్లు కూడా ఫిర్యాదులో ఉండాలి. గ్రూపు అడ్మిన్ అయినంత మాత్రాన నేరస్తుడైపోడు, అతను తానే పంపాడా, కుట్రలో ఉన్నాడా అన్నది చూస్తారు.

ఈ సెక్షన్లు కలిపి పడితే ఎలా ఉంటుందో పశ్చిమ బెంగాల్‌లోని తామ్లుక్ కోర్టు 2018 మార్చిలో ఇచ్చిన తీర్పు చూపిస్తుంది. విడిపోయిన యువతి వీడియోలను పోర్న్ సైట్‌లో పెట్టిన యువకుడికి ఐదేళ్ల జైలు పడింది. అందులో 66ఈ, 67తో పాటు 67ఏ కూడా ఉంది. ఆ ఐదేళ్లు సాధ్యమైంది దానివల్లే.

బాధితుడు మగవాడైతే

న్యాయ సంహిత 77, 78, 79 స్త్రీలకే. కానీ 66ఈ, 67, 67ఏ, 308, 351 అందరికీ. తెలియని నంబరు నుంచి వీడియో కాల్ వచ్చి, రికార్డు చేసి, "సీబీఐ ఆఫీసర్ని" అంటూ ఇంకొకడు ఫోన్ చేసే ముఠాలకు ఎక్కువగా చిక్కేది మగవాళ్లే. పరువు పోతుందని నోరు విప్పరు. ఫిర్యాదు చేసినవాడి మీద కేసు రాదు. కాల్ ఎత్తడం నేరం కాదు.

పద్దెనిమిదేళ్ల లోపు ఉంటే

ఇక్కడ అనుమతి అన్న ప్రశ్నే లేదు. పదిహేడేళ్ల అమ్మాయి తనంతట తనే పంపినా ఆ ఫొటోను దాచుకోవడం, పంచడం నేరం. ఐటీ చట్టం 67బీ కింద మొదటిసారి ఐదేళ్ల వరకు, రెండోసారి ఏడేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. వెతకడం, డౌన్‌లోడ్ చేయడం కూడా ఇందులో ఉన్నాయి. పిల్లలపై లైంగిక నేరాల చట్టమైన పోక్సో 14 కింద పిల్లల్ని అశ్లీల చిత్రాలకు వాడుకుంటే కనీసం ఐదేళ్లు. పంచే ఉద్దేశంతో దాచితే 15వ సెక్షన్. పిల్లల్ని ఫొటోతో, నకిలీదైనా సరే, బెదిరిస్తే 11, 12 సెక్షన్ల కింద మూడేళ్ల వరకు. ఇలాంటివి చూడటం, దాచుకోవడం కూడా నేరమేనని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న తేల్చిచెప్పింది.

విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే పోక్సో 21 కింద ఆరు నెలల వరకు జైలు. బడి పేరు పోతుందని హెడ్‌మాస్టరు లోపలే సర్దేయాలని చూస్తే ఆయన కూడా ఈ సెక్షన్ కిందకు వస్తారు. పిల్లల పేరు, బడి, వీధి ఏదీ బయటికి రాకూడదు, వస్తే 23వ సెక్షన్. చైల్డ్‌లైన్ 1098.

ఫిర్యాదు రాసే తీరు

సంఘటన, సమయం, లింకు, ఎవరికి చేరింది, ఏమన్నాడు, మీరు ఒప్పుకోలేదన్న మాట, ఈ ఆరూ ఉండాలి. బాధ గురించి ఒక పేరా చాలు. నమూనా ఇలా ఉంటుంది.

"నాకు 24 ఏళ్లు. ఫలానా వ్యక్తి, ఫోన్ నంబరు ఫలానా, నాకు రెండేళ్లుగా తెలుసు. మా ఇద్దరి మధ్య జరిగిన లైంగిక చర్య ఉన్న వీడియోను అతను తన ఫోన్‌లో తీశాడు. దాన్ని ఎవరికీ చూపించడానికి, పంపడానికి నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఫలానా తేదీన రాత్రి 9.40కి నాకు వాట్సాప్‌లో 'యాభై వేలు ఇవ్వకపోతే మీ నాన్నకి పంపుతా' అని మెసేజ్ పెట్టాడు. మర్నాడు ఉదయం ఫలానా లింకులో పెట్టాడు. మా బంధువులు ఇద్దరికి వాట్సాప్‌లో పంపాడు, వారి పేర్లు జతచేశాను. స్క్రీన్ రికార్డింగ్ పెన్‌డ్రైవ్‌లో ఉంది. ఆ ఖాతా సమాచారాన్ని భద్రపరచమని ఆ సంస్థకి వెంటనే నోటీసు పంపవలసిందిగా కోరుతున్నాను."

అందులో ఒక్కో వాక్యం ఒక్కో సెక్షన్‌కి పునాది. "లైంగిక చర్య" 67ఏకి, "ఒప్పుకోలేదు" 77కి, "యాభై వేలు" 308కి. చివరి వాక్యం 180 రోజుల గడువు దాటిపోకుండా కాపాడేది.

ఎక్కడ ఇవ్వాలి? మూడు దారులున్నాయి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలపై నేరాల విభాగంలో వేయవచ్చు. పేరు చెప్పకుండా ఇచ్చే వీలుంది గానీ, మీ కేసు ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవాలంటే పేరుతోనే ఇవ్వాలి. లేదా దగ్గర్లో ఉన్న ఏ స్టేషన్‌కైనా వెళ్లవచ్చు. నేరం మా పరిధిలో లేదంటే జీరో ఎఫ్‌ఐఆర్ కట్టమనండి, నాగరిక సురక్ష సంహిత 173 ఆ హక్కు ఇచ్చింది. ఈ-మెయిల్ ద్వారా కూడా ఇవ్వవచ్చు, మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి. తెలంగాణలో షీ టీమ్స్, ఆంధ్రప్రదేశ్‌లో శక్తి యాప్ మహిళలకు అదనపు దారులు. ఒంటరిగా వెళ్లడానికి ధైర్యం చాలకపోతే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, బాధిత మహిళలకు సాయపడే సఖి కేంద్రం నుంచి తోడు దొరుకుతుంది.

న్యాయ సంహిత 77, 78, 79 సెక్షన్ల ఫిర్యాదును మహిళా పోలీసు అధికారి గానీ, ఎవరైనా మహిళా అధికారి గానీ రాసుకోవాలి. దర్యాప్తులో వాంగ్మూలం కోసం మహిళను స్టేషన్‌కి రమ్మనకూడదు, ఇంటికే రావాలి. ఐటీ చట్టం నేరాల దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారే చేయాలన్నది ఆ చట్టంలోని 78వ సెక్షన్. ఎస్ఐ చేతిలో ఫైలు ఉందని తెలిస్తే సీఐకి లిఖితపూర్వకంగా గుర్తుచేయండి. విచారణలో డిఫెన్స్ మొదట వెతికేది ఈ లోపాన్నే.

కేసు కట్టకపోతే

ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. "ముందు విచారిస్తాం" అంటే మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాలకు మాత్రమే, డీఎస్పీ అనుమతితో, 14 రోజుల్లో ముగించాలి. 308(2) లాంటి ఏడేళ్ల నేరం ఉంటే ఆ వెసులుబాటు వర్తించదు. అసలు తీసుకోనంటే ఫిర్యాదును ఎస్పీకి లేదా కమిషనర్‌కి రిజిస్టర్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అక్కడా కదలకపోతే నాగరిక సురక్ష సంహిత 175(3) కింద మేజిస్ట్రేట్ దర్యాప్తుకు ఆదేశించవచ్చు. పోస్టు రసీదు లేకుండా మేజిస్ట్రేట్ దగ్గరికి వెళితే పిటిషన్ వెనక్కి వస్తుంది. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితం. ఫోన్ 15100.

గడువు సంగతి మరవవద్దు. గరిష్ఠంగా మూడేళ్ల శిక్ష ఉన్న నేరాలను మూడేళ్ల లోపే కోర్టు స్వీకరిస్తుంది. 66ఈ, 77 అందులోకి వస్తాయి.

కేసు కట్టాక

చాలామంది నిరాశపడేది అరెస్టు విషయంలో. ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరాల్లో పోలీసులు నోటీసు ఇచ్చి పిలిచే వీలుంది. అరెస్టు కాలేదంటే కేసు లేదని కాదు. అతను సాక్షులను బెదిరించినా, కొత్త ఖాతాతో మళ్లీ పెట్టినా ఆ రోజే లిఖితపూర్వకంగా చెప్పండి. అరెస్టుకు, బెయిలు రద్దుకు అవే కారణాలు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు మీకు తెలియజేయాలి.

రాజీ ఒత్తిడి తప్పకుండా వస్తుంది. "పెద్దమనుషుల్లో తేల్చుకుందాం, ఫోన్ పగలగొట్టేస్తాడు" అంటారు. పగలగొట్టిన ఫోన్‌లో ఉన్నది క్లౌడ్‌లో ఉండదని ఎవరు హామీ ఇస్తారు? స్త్రీపై గానీ, పిల్లలపై గానీ జరిగిన ఐటీ చట్టం నేరాలకు రాజీ కుదరదని ఆ చట్టం 77ఏ చెబుతోంది. ఆ పంచాయితీలో మీరు సంతకం పెట్టే కాగితం రేపు డిఫెన్స్ చేతిలో ఆయుధమవుతుంది.

ఆఫీసులో జరిగితే పోలీసు కేసుతో పాటు లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే ఇంటర్నల్ కమిటీకి మూడు నెలల్లోపు వేరే ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఉద్యోగం మీద చర్య తీసుకోగలిగేది అదే.

నిందితుడు గానీ బాధితులు గానీ విదేశాల్లో ఉన్నప్పుడు

భారత్‌లో ఉన్న కంప్యూటర్, ఫోన్ వాడి ఉంటే ఐటీ చట్టం 75 విదేశాల్లో ఉన్నవాడికీ వర్తిస్తుంది. ఇక్కడ ఎఫ్‌ఐఆర్ ఉంటే విమానాశ్రయంలో దిగితే ఆపేందుకు లుకౌట్ సర్క్యులర్ అడగవచ్చు. అమెరికాలో 2025 మే 19న సంతకమైన టేక్ ఇట్ డౌన్ చట్టం పెద్దల చిత్రాలకు రెండేళ్ల వరకు, పిల్లలవైతే మూడేళ్ల వరకు జైలు పెట్టింది, వేదికలకు 48 గంటల గడువు విధించింది. ఇంగ్లండ్, వేల్స్‌లో పంచడమే కాదు, పంచుతానని బెదిరించడం కూడా నేరమే, బెదిరింపుకు రెండేళ్ల వరకు శిక్ష. డాలస్‌లో ఉన్న మాజీ భర్త గుంటూరులో ఉన్న అత్తవారికి వీడియో పంపాడనుకుందాం. అప్పుడు గుంటూరులో ఎఫ్‌ఐఆర్, అక్కడి పోలీసులకు వేరే ఫిర్యాదు, రెండూ ఇవ్వాలి.

విచారణ మొదలయ్యేటప్పుడు పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారా ఒక మెమో వేయించండి. ఆ ఫైళ్లను సీల్డ్ కవర్‌లో ఉంచాలని, ప్రింట్లు తీయకూడదని, చూడాల్సి వస్తే జడ్జి చాంబర్‌లోనే చూడాలని, మీ వాంగ్మూలం మూసిన తలుపుల వెనుక నమోదు చేయాలని కోరండి. ఇవి అడగకపోతే చార్జిషీటు కాపీలతో పాటు ఆ ఫొటోలు నిందితుడి లాయరుకు, అక్కడినుంచి మళ్లీ నిందితుడి చేతికే చేరతాయి.